సవతి కట్టిన లెక్క

నేను ఒక క్యాలిక్యులేటర్‌ని. కిరాణా కొట్టులో కూడికలు చేసే రకం అనుకునేరు! వర్గాలూ ఘాతాలూ కడతాను, చిన్న ప్రోగ్రాము రాసిస్తే గుర్తుపెట్టుకుంటాను. పుట్టింది సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలోనైనా, పెరిగింది ఇంజనీరింగ్ కాలేజీలో, సత్యానందం మాస్టారి చొక్కా జేబులో. రిటైరైన రోజున ఆయన నన్ను సుగుణ చేతిలో పెట్టారు. దండలు వేసిన శిష్యులు అంతమంది ఉండగా, లెక్క తప్పిందని తనతోనే వాదించిన పిల్లకి ఇచ్చారు. మనుషుల ప్రేమ ఎటు మొగ్గుతుందో ఏ ప్రోగ్రాముకీ అందదు.

ఆ సుగుణ మునిసిపాలిటీలో నీటి సరఫరా ఇంజనీరయింది. ఒకదానితో ఒకటి అల్లుకున్న గొట్టాల్లో దేనిలో ఎంత నీరు పారుతుందో తేల్చడం మా ఇద్దరి పని. గొట్టంలో పీడనం ప్రవాహపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది, ఒక గొట్టం లెక్క పక్క గొట్టాన్ని కదుపుతుంది. అందుకే ఆ సమీకరణాలు సూటిగా లొంగవు. ముందు ఒక అంచనా వేసుకుని, దాన్ని దిద్దుకుంటూ జవాబు దగ్గరికి పోవాలి. సుగుణ ముందు పటం మీద ప్రతి గొట్టానికీ పెన్సిల్‌తో బాణం గీసేది. నీరు ఎటు పోతుందో కాసేపు ఆలోచించేది. ఆ తర్వాతే నా మీటల మీద వేలు పెట్టేది. ఆ కాసేపూ ఆమె బొటనవేలు నా అంచుని నిమురుతూ ఉండేది. అంతకంటే నాకేం కావాలి?

ఆ వైభోగం ల్యాప్‌టాప్ వచ్చేదాకానే. అందులో గణిత సాఫ్ట్‌వేర్ ఉందట. సమీకరణాలన్నీ ఒక్కసారే రాసి పడేస్తే రెప్పపాటులో జవాబులు! ఆమె కుడిచేతి పక్క జాగా ఆ సవతికి దక్కింది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా నన్ను బరువుగా పెట్టారు. నేను కళ్లలో నిప్పులు పోసుకుని దాని వెలుగు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడే రాళ్లకొండ కాలనీ పని వచ్చింది. కొండ మీది చివరి వీధి ఆడవాళ్లు ఏళ్ల తరబడి బిందెలు మోసుకుని ఎక్కుతున్నారు. గొట్టాలు ఒకసారి పూడ్చాక లెక్క తప్పని తేలితే, ఆ వీధి కుళాయిలు ఎండిపోవాల్సిందే. సుగుణ తోటి ఇంజనీరు పైడిరాజు సమీకరణాలు ల్యాప్‌టాప్‌లో ఎక్కించాడు. అది మొదటి అంచనా అడిగితే అన్ని గొట్టాలకీ ఒకటే అంకె కొట్టాడు. జవాబు వచ్చేసింది. పై వీధికి ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి గొట్టాలు; ముందు గొట్టం దగ్గర మాత్రం మైనస్, అంటే నీరు బాణానికి ఎదురు పారుతుందని.

"మైనస్సంటే ఏటుంది మేడం, బాణం తిప్పీసుకుంటే సరి. వెనక గొట్టంలోంచి పై వీధికి నీళ్లొస్తాయన్నమాట. ముందుది సన్నది వేసీవచ్చు. బేగి సంతకం పెట్టీండి, ఈ పూటే పంపీయాలి."

సుగుణ కలం తీసింది. కాగితం లాగబోతే మీద నేనున్నాను. నన్ను పక్కన పెట్టబోయి ఆగింది. బొటనవేలు నా అంచు మీదికి వచ్చింది.

"ఉండండి రాజు గారూ. ఒక్క చుట్టు నడిచి చూస్తాను."

చుట్టు నడవడమంటే, ఒక కూడలి దగ్గర బయలుదేరి, గొట్టాల వెంట పీడనం కలుపుకుంటూ తీసేసుకుంటూ మళ్లీ అక్కడికే రావడం. వచ్చేసరికి సున్నా తేలాలి. తిప్పిన బాణంతో నా మీటల మీద నడిస్తే సున్నా తేలలేదు, దగ్గరికి కూడా రాలేదు. మైనస్‌ని వర్గం చేస్తే ప్లస్సే కదా! నీరు ఎదురు తిరిగినా సమీకరణానికి ఆ సంగతి తెలియలేదు. నీటిని ఎగువకి నెట్టి, లెక్క సరిపోయిందనుకుంది.

నాకు పండగే. సవతి పరువు పోయిందని సంబరపడ్డాను. ఆ సంబరంలో చివరి వీధి బిందెలు నాకు గుర్తే రాలేదు, దాచడమెందుకు?

సుగుణ ల్యాప్‌టాప్ మూసేస్తుందనుకున్నాను. మూయలేదు. పెన్సిల్ తీసి బాణాలన్నీ మళ్లీ గీసింది. నీరు తిరిగితే గుర్తు కూడా తిరిగేలా సమీకరణాలు మార్చి, తన అంచనాలే మొదటి విలువలుగా ఇచ్చింది. రెప్పపాటులో సరైన జవాబు! ముందు గొట్టం లావుదే వేయాలని తేలింది.

"సాఫ్ట్‌వేర్ అదరగొట్టీసింది మేడం!" అన్నాడు పైడిరాజు. తప్పు పట్టింది నేను, మెప్పు దానికి. ఒళ్లు మండిపోయింది.

నీళ్లు వదిలిన రోజు సుగుణ నన్ను చేతిసంచిలో వేసుకుని కొండెక్కింది. సంచి మూతి తెరిచే ఉంది. గొట్టంలో ముందు గాలి బుసబుసలాడింది. ఆపైన బిందె అడుగున టపటపమని చప్పుడు.

"నీలొచ్చీసినాయర్రా! రండే, మన వీధికీ వచ్చీసినాయి!" అని ఒక ముసలమ్మ కేక పెట్టింది.

సుగుణ కళ్లు తుడుచుకుంటూ సంచిలో చెయ్యి పెట్టింది. నన్నే తీస్తుందనుకుని పొంగిపోయాను. నా పక్కనున్న ఫోను తీసి, బిందె ఫొటో తీసుకుంది. ఆ ఫోనులోనూ ఈ మధ్యే ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుందట.

తీసుకోనీ. కుళ్లుకోవడానికి రేపుంది. ఆ కాస్సేపూ మాత్రం బిందె నిండే చప్పుడు వింటూ, నేను ఎవరి మీదా ఏడవలేదు.