జహాజు చీటీలు

మిల్లు నుంచి తెచ్చిన చిరుగు సంచులు ఇంకా పదకొండు మిగిలాయి. చేతిలో ఉన్నదానికి అతుకు వేయడం అయ్యేలోపే చిన్నోడు పాలకు ఏడ్చాడు, పొయ్యి మీద పప్పు పొంగింది, వాకిట్లోంచి అత్త ఖాదర్‌బీ పిలిచింది.

"దుల్హన్, హైదరాబాద్‌కెళ్ళి కాయితం వచ్చింది. జర చదువు."

వజీరాబీ దబ్బనాన్ని సంచికి గుచ్చి లేచింది. డెబ్బై ఒకటిలో ఈ తాండూరు ఇంటికి కోడలుగా వచ్చింది, ఎనిమిదేళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, అయినా అత్త నోట ఇంకా దుల్హనే, పెండ్లికూతురే. సొంత పేరు వికారాబాద్‌లో బడి హాజరు పట్టీలో ఉండిపోయింది. ఎనిమిదో తరగతి పుస్తకాలకు అట్టలు వేసుకున్న నెలకే నిఖా అయింది. ఆ అట్టలు మాత్రం పొందిగ్గా వేసుకుంది, ఇప్పుడు సంచులకు అతుకులు వేసినట్టే. కానీ ఈ ఇంట్లో చదవడం వచ్చింది ఆమె ఒక్కతికే. జహంగీర్‌కు సంతకం బొమ్మలాగా గీయడం వచ్చు, ఖాదర్‌బీది వేలిముద్ర. అందుకే తల్లీకొడుకులు ఈ ఏడు హజ్‌కు పోవాలని నిశ్చయమైనప్పటి నుంచీ ప్రతి కాగితమూ పిండి చేతులతోనో సుతిలి దారం పీచు అంటిన చేతులతోనో ఆమే విప్పింది.

బొంబాయి నుంచి జహాజు, హజ్‌కు పోయే ఓడ, కదిలే తేదీ ఖాయమైందట. భోజనం టికెట్టులోనే ఉంది. చాయ్, సోడా, బిస్కెట్, సబ్బు లాంటి పైఖర్చులకు ఇష్టమున్నవాళ్ళు ముందే పైసలు కట్టవచ్చు. కట్టినంతకు చీటీల పుస్తకం ఇస్తారు, ఎవరి పేరున కడితే వాళ్ళ చేతికే. వాడకుండా మిగిలిన చీటీలకు పైసలు వాపసు రావు. ఇద్దరి ఫారాలు పది రోజుల్లో చేరాలి.

"ఎవరి పేరున కడితే వాళ్ళ చేతికేనా? మల్ల చదువు," అంది ఖాదర్‌బీ.

మళ్ళీ చదివింది.

"ఆడోళ్ళ చేతికి గూడ ఇస్తరా?"

"ఇస్తరు అమ్మీ. ఆడ మొగ అని ఏం రాయలే."

ముసలామె కాగితాన్ని తీసుకుని, తలకిందులుగా పట్టుకుని, చాలాసేపు చూసింది.

ఆ వారమంతా జహంగీర్ మాఫీలు అడుగుతూ ఊరు తిరుగుతున్నాడు. హజ్‌కు పోయేవాడు మనుషులకు చేసిన తప్పులు ఒప్పుకుని, మాఫీ అడిగి పోవాలని, అవతలివాళ్ళు మనసుతో మాఫ్ చేయాలని మౌల్వీ సాబ్ చెప్పాడు. తన బండల పాలిష్ ఖార్ఖానాలో చెయ్యి నలిగి పని పోయిన జంగప్ప ఇంటికి పోయాడు. గోడ జరిపి జాగా కలుపుకున్నందుకు పక్కింటి ఇస్మాయిల్‌ను కౌగిలించుకున్నాడు. పోయిన ప్రతిచోటా ఒకటే మాట: కహా సునా మాఫ్. అన్నది, విన్నది మన్నించు. ఆ మాట వినబడినప్పుడల్లా వజీరాబీ చేతిలో పని ఆగిపోయేది. అన్నది సరే, విన్నది సరే, మరి కొట్టింది ఎందులోకి వస్తుంది? జహీరా కడుపులో ఉన్నప్పుడు నీళ్ళకాగు దగ్గర తన్నింది, రొట్టె మాడిందని పెనం మీద చెయ్యి అదిమింది, చిన్నోడు రొమ్ము పట్టుకుని ఉండగానే జుట్టు పట్టి లాగితే పసివాడి పెదవి చిట్లి పాలల్లో నెత్తురు కలిసింది, అవన్నీ అన్నవా, విన్నవా? తన వంతు ఎప్పుడో వస్తుంది. ఆయన అడుగుతాడు. తను ఏమనాలి? మాఫ్ చేశానంటే అబద్ధం. చేయలేదంటే? ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని ఏ గడప ఎక్కాలి? రాత్రి చిన్నోడి ఊపిరి ఆడుతుందో లేదో ముక్కు కింద వేలు పెట్టి చూసుకునే భయస్తురాలు ఆమె. గొళ్ళెం వేసి, వేశానో లేదో అని మళ్ళీ లేచి చూస్తుంది. అట్లాంటిది ఈ ఒక్క అబద్ధం మాత్రం ఆడలేననిపించింది.

శుక్రవారం జుమ్మా నమాజ్ అయ్యాక ఇస్మాయిల్ వచ్చి వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. ఆయన మూడేళ్ళ కింద హజ్‌కు పోయొచ్చాడు.

"ముందుగల్ల కట్టాల్నా వద్దా, నువ్వే చెప్పు ఇస్మాయిల్ భాయ్," అన్నాడు జహంగీర్.

"నేను కట్టిన. కట్టి ఏం చేసిన? ఎనిమిది దినాలు కక్కుడే. చాయ్ వాసనొస్తె చాలు, పేగులు నోట్లకు వచ్చేటియి. దిగేనాడు చీటీల పుస్తకం సముద్రంల ఏసిన. చాపలు తాగినయేమో చాయ్."

జహంగీర్ పకపకా నవ్వాడు. "మరి నగదు పట్టుకపోతె?"

"జహాజుల అందరం పక్కపక్కనే పండుతం. కొడంగలాయన నడుముకు కట్టుకున్న సంచి నిద్రల కోసుకపోయిండ్రు. గది గట్ల, ఇది గిట్ల."

"అయితే కడ్త. మొత్తం నా పేరు మీదనే. అమ్మకు చాయ్ కావాలంటె నన్ను అడుగుతది."

తలుపు వెనక ఖాదర్‌బీ కోడలి మోచేయి పట్టుకుంది. నలభై ఏళ్ళు ఈ ఇంట్లో చాయ్ కాచి, మగవాళ్ళు తాగగా గిన్నెలో మిగిలింది తాగిన మనిషి. మొగుడు ఉన్నన్నాళ్ళు మొగుణ్ణి అడిగింది, పోయాక కొడుకుని అడుగుతోంది. "నువ్వు చెప్పు దుల్హన్," గుసగుసలాడింది, "నా సగం నా పేరు మీద కట్టమను. నేను చెప్తె తిడ్తడు. నీకు చదువొచ్చు, నీ మాట కాయితం మాట లెక్క ఉంటది."

చెప్పకూడదని వజీరాబీకి తెలుసు. కానీ ఆ కట్టబోయే రెండొందల నలభై రూపాయలు డాల్డా డబ్బాలోవి. రెండేళ్ళు సంచులు కుట్టి, జహీరా బడి కోసమని కూడబెట్టినవి. పొద్దున్నే ఆయన డబ్బా తీసి అడగకుండానే జేబులో వేసుకున్నాడు. అప్పుడు నోరెత్తలేకపోయింది. ఇప్పుడు ముసలామె వేళ్ళు మోచేతిలో దిగుతుంటే ఊరుకోలేకపోయింది.

ఇస్మాయిల్ వెళ్ళేదాకా ఆగి అంది. "అమ్మీ సగం అమ్మీ పేరు మీద కడ్దాం. కాయితంల గట్లనే ఉన్నది. ఆమె చాయ్ ఆమె తాగుతది."

జహంగీర్ ఎడమచేతి గడియారం కొక్కెం తీశాడు. టిక్కుమంది.

ఆ చప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు. మూలన బొమ్మలు పేర్చుకుంటున్న ఆరేళ్ళ జహీరా లేచి, తమ్ముణ్ణి చంకనెత్తుకుని, ఏమీ అడగకుండా, తిరిగి చూడకుండా వీధి పంపు దగ్గరికి నడిచింది. ఇట్లా చేయమని ఎవరూ నేర్పలేదు. జహంగీర్ గడియారాన్ని పెళ్ళాం చేతిలో పెట్టాడు, ఎప్పటిలాగే. కొట్టేటప్పుడు అద్దం పగలకూడదు. తను దెబ్బలు తింటూ దాన్ని కాపాడాలి.

మొదటి దెబ్బకు చెవిలో తేనెటీగలు లేచాయి. బండలు ఎత్తీ ఎత్తీ బండగా మారిన చెయ్యి అది. రెండోది మెడ మీద. "నా పైసలకు లెక్క చెప్తవా? ఏడు జమాతులు సదివి నా మీద వకాలత్ చేస్తవా?" జుట్టు పట్టి సంచుల కుప్ప మీదకు తోశాడు. పడుతూ కుడిచెయ్యి ఆనించింది. సంచికి గుచ్చి ఉంచిన దబ్బనం అరచేతిలో, బొటనవేలి కింద దిగి అవతల మొన తేలింది. అరవలేదు. ఎడమచెయ్యి మాత్రం గడియారంతో పైకి లేచి అట్లాగే నిలబడి ఉంది. నడుం మీద తంతుంటే తన చెయ్యే తనకు కనబడింది, అద్దానికి దెబ్బ తగలకుండా ఎత్తి పట్టుకుని. ఎనిమిదేళ్ళలో అప్పటికి గానీ ఆమెకు రోత పుట్టలేదు. ఆయన మీద కాదు, తన ఆ చేతి మీద.

ఆయన అలిసిపోయి గడియారం తీసుకుని, చెవి దగ్గర పెట్టి, నడుస్తోందని చూసుకుని బయటికి వెళ్ళాడు. పోతూపోతూ, "పొద్దుగాల్లకు ఫారాలు నింపు. మొత్తం నా పేరు," అన్నాడు.

ఖాదర్‌బీ దబ్బనం లాగి, పసుపు నూనె అద్ది, పాత ఓణీ చింపి కట్టింది. కట్టు కడుతూ ఏడ్చింది. ఏడుస్తూనే అంది, "మాఫ్ చేసెయ్యి బిడ్డా. పోయే ముందర అడుగుతడు. నువ్వు ఒద్దంటె వాని హజ్ ఎట్ల ఖబూల్ అయితది?"

వజీరాబీ అత్త ముఖంలోకి చూసింది. ఎవరి చాయ్ కోసం తిన్న దెబ్బలు ఇవి? కోపం వచ్చింది, వచ్చి ఆ ముసలి గోళ్ళ కింద పసుపు చూసి వెనక్కు పోయింది. మర్నాడు కట్టు చేత్తోనే ఫారాలు నింపింది. జహంగీర్ ఫారంలో నూట ఇరవై. ఖాదర్‌బీ ఫారంలో, చీటీల పుస్తకం ఎవరి చేతికివ్వాలి అన్నచోట, ఖాదర్‌బీ, నూట ఇరవై. ఆయన తన సంతకం బొమ్మ గీశాడు, తల్లి వేలిముద్ర వేసింది. రాసిందేమిటో వజీరాబీ అత్త చెవిలో చెప్పింది. ముసలామె చాలాసేపు సిరా బొటనవేలినే చూసుకుంది.

బయలుదేరేనాడు మధ్యాహ్నం తాండూరు స్టేషన్ నిండా జనం. కరణ్‌కోట నుంచి కూడా బస్సుల్లో వచ్చారు. హజ్‌కు పోయేవాళ్ళ మెడల్లో పూలదండలు, ఎవరి నోట చూసినా దువాలు, ప్రార్థనలు. కిటికీ పక్క సీటు దొరికిన ఖాదర్‌బీ చెయ్యి బయటికి చాచి కోడలి కట్టుచేతిని పట్టుకుంది. "నిన్ను ముందటికి తోసి నేను తలుపు ఎనుక నిలబడ్డ. మాఫ్ చెయ్యి వజీరా," అంది.

ఎనిమిదేళ్ళకు ఆ నోట తన పేరు విని వజీరాబీ అత్త వేళ్ళు నొక్కింది. "చేసిన అమ్మీ. చాయ్ మంచిగ తాగు."

అప్పుడు జహంగీర్ వచ్చాడు. వెనక మౌల్వీ సాబ్, ఇస్మాయిల్, ఖార్ఖానా వాళ్ళు. అందరికీ చెప్పినట్టే, ఆమె తల మీదుగా రైలు ఇంజను వైపు చూస్తూ చెప్పాడు. "కహా సునా మాఫ్ కర్ దేనా."

"ఏది?" అంది.

"అరే, అన్ని. చెప్పు జల్ది, బండి కదుల్తది."

ఆమె ఆయన చేతుల వంక చూస్తూ నిలబడింది. జనం అటు తిరిగారు. జహంగీర్ మెడ నరం ఉబ్బింది. కుడిచెయ్యి అలవాటుగా, తనకు తెలియకుండానే ఎడమ మణికట్టు మీదకు పోయింది. టిక్కుమంది.

జహీరా తమ్ముణ్ణి చంకనెత్తుకుంది. ఏమీ అడగకుండా, తిరిగి చూడకుండా, పూలదండల మధ్యలోంచి తోవ చేసుకుంటూ బయటికి నడవసాగింది. చిన్నోడు బరువుకు ఒక పక్కకు ఒరుగుతూ నడుస్తున్న ఆ పిల్లను అందరూ చూశారు. ఇస్మాయిల్ చూశాడు. మౌల్వీ సాబ్ చూసి, జహంగీర్ చేతిలో ఊగుతున్న గడియారాన్ని చూసి, తల దించుకున్నాడు.

జహంగీర్ గడియారాన్ని ఎప్పటిలాగే ముందుకు చాచాడు. వజీరాబీ చెయ్యి లేవలేదు.

"చాయ్ పైసలంటె ముందుగల్ల కట్టొచ్చు," అంది. "మాఫీ మాత్రం ముందుగల్ల కట్టను. మిగిలింది నాకు వాపస్ రాదు. పోయి రాండ్రి. వచ్చినంక మీ చెయ్యి ఎట్లుంటదో చూసి చెప్త."

బండి కూత వేసింది. ఎవరో ఆయన్ను పెట్టెలోకి ఎక్కించారు. ఆమె అటు చూడలేదు. గేటు దాకా పోయిన కూతురి వెనక వేగంగా నడిచి, కట్టుచేత్తోనే భుజం పట్టి ఆపింది.

"ఆగు జహీరా. మనం బయటికి పోవుడు లేదు బిడ్డా. ఇయ్యాల పోయేది మీ అబ్బా."