తాతబ్బాయి క్లోమం

నేను ఒక క్లోమాన్ని. కాకినాడలో లారీల బ్రోకరు తాతబ్బాయి పొట్టలో, జీర్ణాశయానికి వెనక, వెన్నుకు ఆనుకుని పడి ఉంటాను. అతనికి గుండె ఉందని తెలుసు, కాలేయం ఉందని తెలుసు. నా పేరు మాత్రం నేను తిరగబడ్డ రోజునే విన్నాడు.

అంతవరకూ ఆ ఇంట్లో నాతో సమానంగా చాకిరీ చేసింది అతని భార్య వీరవేణి ఒక్కతే. తాతబ్బాయి ఏం మింగినా అరగడానికి ఎంజైముల రసం పేగులోకి పంపేదాన్ని. నా ఒంట్లో దీవుల్లా చెదిరి ఉన్న కణాల గుంపులు ఇన్సులిన్ తయారుచేసి నెత్తురులో కలిపేవి. తిన్న తీపి ఒంటికి పట్టేది దానివల్లే. ఇంత చేస్తే నాకు దక్కింది బ్రాందీ. వీరవేణి వద్దంటే కంచం విసిరేవాడు.

బావమరిది పెళ్ళిలో అన్నం ముట్టకుండా తాగాడు. పేగులోకి చేరాక పనిచెయ్యాల్సిన రసం నాలోనే రాజుకుంది. మాంసాన్ని అరిగించే రసం కదా, నన్నే అరిగించసాగింది. పందిట్లో అందరి ముందూ తాతబ్బాయి ముడుచుకుపోయి కేకలు పెట్టాడు. నాకు జాలి కలగలేదు.

ఆసుపత్రిలో పొట్ట కోసి నాలో కుళ్ళిన భాగం తీసేశారు. ఇన్సులిన్ చేసే దీవులు ఎక్కువగా ఉండే నా చివరి కొస, తోక కూడా అందులోనే పోయింది. ఇకమీదట ఇన్సులిన్ సూదితో ఎక్కించుకోవాల్సిందేనని, మానేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ చెప్పింది. సూది వెయ్యడం వీరవేణి నేర్చుకుంది. పెళ్ళాం తనని పొడిచి చంపుతోందని అతను వీధంతా చెప్పుకున్నాడు. ఒక పొద్దున ఆమె చెయ్యి మెలితిప్పి, ఇన్సులిన్ సీసా లాక్కుని గోడకేసి కొట్టాడు.

వీరవేణి ఏడవలేదు. గాజుముక్కలు ఊడ్చి, ఫ్రిజ్‌లో ఉన్న ఇంకో సీసా చూపించింది.

"నీ కడుపులో ఉన్నదాన్ని చంపుకున్నావు. నన్ను చంపుదామంటే మటుకు కుదరదు, నేను దాన్లాగ నోరులేనిదాన్ని కాదు. ఇక నువ్వే పొడుచుకో," అంది. సంచి సర్దుకుని తాళ్ళరేవులో అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

పంతానికి అతను సూది మానేశాడు. తీరని దాహం, వాంతులు, ఆయాసం పట్టుకున్నాయి. పక్కింటివాళ్ళు ఆసుపత్రికి మోసుకెళ్తే ఎలాగో బతికి బయటపడ్డాడు. వీరవేణికి కబురు పంపాడు. ఆమె రానంది.

ఇప్పుడు తాతబ్బాయి అన్నానికి ముందు చొక్కా ఎత్తి, ఆమెనీ నన్నూ కలిపి తిడుతూ, పొట్టలో సూది పొడుచుకుంటాడు. ఒక్కోసారి ఇన్సులిన్ ఎక్కువై, నెత్తుట్లో చక్కెర పడిపోయి, చెమటలు కక్కుతూ పంచదార డబ్బా కోసం పాకుతాడు. అతను పాపం పెళ్ళాం లేనివాడని వీధిలో జాలిపడుతున్నారు.

నాలో కొంత రసం ఇంకా ఊరుతోంది. అతను మళ్ళీ గ్లాసు ఎత్తే రోజు కోసం కాచుకుని ఉన్నాను.