స్లాబ్ నాటి పొట్టేలు తల

చంకకర్రలతో అనంతపురం కార్మిక శాఖ మెట్లెక్కడం నాకిది మూడోసారి. బెంగళూరులో బిల్డింగ్‌కు సారువ కట్టే పనికి పోయి, నిలబడిన సారువ కట్టెలు విరిగి మూడో అంతస్తు నుంచి పడ్డాను. పనికి తీసుకుపోయిన కాంట్రాక్టరు ఓబుళేసు మా బత్తలపల్లి మండలం వాడే. పరిహారం అడిగితే, నేనెవరో తెలియదని రాసిచ్చాడు. హాజరు పుస్తకంలో మా కూలోళ్ల పేర్లే లేవు. పని పోతుందన్న భయంతో తోటి కూలోళ్లెవరూ సాక్ష్యానికి రాలేదు.

"ఈరోజు గూడా సాక్ష్యం లేకుంటే కేసు కొట్టేస్తారు హనుమంతన్నా," అని యూనియన్ జయంతమ్మ ముందే చెప్పింది.

అధికారి మేడమ్ అడగ్గానే ఓబుళేసు చొక్కా సర్దుకున్నాడు. "ఈయప్పను నేను చూసిందే లేదు మేడం. తాగి యాడనుంచో వచ్చి పడినాడేమో."

నాకు ఒళ్లు మండిపోయింది. చుక్క ముట్టి ఎరుగను నేను.

నా భార్య తిప్పమ్మ లేచి ఓబుళేసు వైపు చెయ్యి చూపింది. "ఈయప్ప సంగతి నన్నడుగు మేడం. స్లాబ్ పోసిన రోజు కూలోళ్లకు పొట్టేలు కోయాల, తలకాయ సారువ కట్టినోనికియ్యాల. అది మా పద్ధతి. ఈయప్ప తలకాయ దాచిపెట్టి బామ్మర్దికి పంపించినాడు. మాకు ఉత్త పులుసు పోసినాడు."

అదిరిపడ్డాను. ఆ తలకాయ కూర తిన్నది నేనే! "అట్ల కాదు" అనబోతే తిప్పమ్మ నా మంచి కాలు తొక్కింది.

మా సీమ మనిషి ఎన్ని మాటలన్నా పడతాడు గానీ, కూర దగ్గర పిసినారి అంటే పడడు. పైగా తలుపు దగ్గర మా మండలం వాళ్లు వింటున్నారు.

"ఏమ్మా, అన్నమే తింటాండావా?" అని ఓబుళేసు ఎగిరాడు. "నా చేతుల్తో నీ మొగుని చేతిలో పెట్టినా గదా తలకాయ! మూడో స్లాబ్ నాడు, ఇరవైమంది ముందర! కాళ్లు గూడా ఇచ్చినా!"

మేడమ్ పెన్ను తీశారు. "సారువ కట్టినందుకు, ఇతనికి, మీరే ఇచ్చారు. అంతేనా?"

ఓబుళేసు నాలుక కరుచుకున్నాడు.

నెల తర్వాత తీర్పు చదివారు. కార్మికుడు హనుమంతరాయుడు, యజమాని ఓబుళేసు. వైద్యం ఖర్చు, పరిహారం, వడ్డీతో సహా అతనే ఇవ్వాలి. నా పేరు ముందు 'కార్మికుడు' అన్న మాట విని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

బయట మండలం వాళ్లందరి ముందు తిప్పమ్మ ఓబుళేసుకు అడ్డంగా నిలబడి చేతులు జోడించింది.

"తప్పయింది అన్నా. తలకాయ నువ్వే ఇచ్చినావు. శానా రుచిగా ఉండె."