అడుగంతస్తు వంపు

గిన్నెలు కడగమంటే బ్రెన్నా ఎన్నైనా కడిగేస్తుంది. కేకు బొమ్మ గీయమంటేనే వెనకడుగు వేస్తుంది.

అమెరికాలోని దులూత్ ఊళ్ళో ఒక బేకరీలో గిన్నెలు కడిగే ఆమెది సాయంత్రం షిఫ్టు. ఇంటికి చేరేసరికి నాలుగేళ్ల కూతురు ఐడా పక్కింటి ఫిలిస్ సోఫాలో నిద్రపోయి ఉంటుంది. పిల్ల లేచి తనకోసం వెతుక్కుందేమోనని దారంతా పరుగులాంటి నడకే. పెళ్ళివాళ్ళకి కేకు ఎలా ఉంటుందో ముందే గీసి చూపించాలి. బేకరీ యజమాని మార్లిస్‌కి ఈమధ్య గీసేటప్పుడు చెయ్యి నిలకడగా ఉండటం లేదు. ఆ గీసే పని నేర్చుకుంటే బ్రెన్నాకి పగటి షిఫ్టు దొరుకుతుంది. హైస్కూలు మధ్యలోనే ఆపేసిన మనిషికి అంతకన్నా ఏం కావాలి?

"పెన్సిలూ లేదు, రబ్బరూ లేదు. పెన్నుతోనే గియ్యి," అంది మార్లిస్, నేర్పడం మొదలుపెట్టిన రోజే.

బ్రెన్నా ముందు గుండ్రటి పిండి డబ్బాల్ని చూసి గీసేది. ఆ బొమ్మ మీద కేకుల కింద వేసే పల్చటి కాగితం పరిచి, మార్లిస్ ఎర్ర పెన్నుతో దిద్దేది.

"మళ్ళీ అడుగు తిన్నగా కోసేశావేమే? పైన గుండ్రం, కింద గీత. డబ్బాని బల్లలోకి పాతేశావా?"

"బల్లమీద నిలబడాలి కదండీ! కింద వంపు పెడితే ఊగదూ?"

"కాగితం మీద కేకు పడిపోతే నేను తుడుస్తాలే. నీకు తెలిసింది కాదు తల్లీ, కనబడేది గియ్యి."

డబ్బాలకి వంపు వచ్చాక మూడంతస్తుల కేకు గీసింది. కానీ మూడంతస్తులకీ ఒకటే వంపు. "ఒకే మూత మూడుసార్లు అచ్చేసినట్టుంది," అని మార్లిస్ కాగితం తిరిగిచ్చేసింది.

ఆదివారం పొద్దున ఐడా పాల కప్పు పైకెత్తింది. "అమ్మా, చూడు, ఒక్క చేత్తో!"

జాగ్రత్త అనబోయి బ్రెన్నా ఆగిపోయింది. బల్లమీద వెడల్పుగా కనిపించిన కప్పు మూతి, కళ్ళ ఎత్తుకి వచ్చేసరికి సన్నటి గీతైపోయింది.

"మళ్ళీ దించు. ఇంకా కిందకి. నేలమీద పెట్టు."

"ఒలికితే తిట్టవా?"

"తిట్టను. పెట్టు."

నేలమీద ఆ మూతి నిండుగా విచ్చుకుంది. కిందకి పోయేకొద్దీ వంపు పెరుగుతోంది! ఆ రోజంతా తల్లీకూతుళ్ళు కప్పుల్ని ఎత్తుతూ దించుతూనే గడిపారు.

శనివారం ఒక పెళ్ళికూతురు తల్లితో బేకరీకి వచ్చింది. మార్లిస్ పెన్ను బ్రెన్నా చేతిలో పెట్టింది. పై అంతస్తుకి కొద్దిపాటి వంపు, మధ్యదానికి కాస్త ఎక్కువ, అడుగుదానికి ఇంకా ఎక్కువ. ఒక గీత వంకరపోయింది. అయినా ఆగలేదు.

పెళ్ళికూతురి తల్లి బొమ్మను చూసి మొహం చిట్లించింది. "అడుగుది ఇంత లావుగా ఉంటే మా గుమ్మంలోంచి దూరుతుందంటావా?"

"అమ్మా, అది బొమ్మే!" అంది కూతురు.

మార్లిస్ నవ్వాపుకోలేక క్రీము గిన్నె వైపు తిరిగింది. బ్రెన్నా మాత్రం గుమ్మం వెడల్పెంతో అడిగి రాసుకుంది.

వాళ్ళు వెళ్ళాక మార్లిస్ బొమ్మ దగ్గరకొచ్చింది. "ఎడమపక్క గీత వంకర."

"అవునండీ."

"సోమవారం పొద్దున్నే రా, అది కూడా చూద్దాం. సాయంత్రాలు నీ పిల్లకి నువ్వే తిండి పెట్టుకో."