మంచి మోకాలు

"ఎగురుమంటే ఎక్కుతున్నవేందే?" అన్నాడు ప్రవీణ్, నోట్లోంచి బ్రష్ తీయకుండానే.

స్రవంతి అప్పటికే అన్నం వండింది. కూతురు ఆశ్రితకు జడలు వేసింది. చిన్నోడు పక్క తడిపితే దుప్పటి ఉతికి ఆరేసింది. ఇప్పుడు వరండాలో ఈ చెక్క డబ్బా ముందు నిలబడింది. ఎవరో అమ్మాయి రెండు కాళ్లూ జోడించి పిల్లిలా ఇలాంటి దాని మీదికి దూకడం ప్రవీణ్ ఫోన్‌లో చూశాడు. వడ్రంగితో ప్లైవుడ్‌ది చేయించి ఆటోలో తెచ్చాడు. జంప్ బాక్స్ అంటారట. "చిన్నోడు ఉరుకుతున్నడు, నీ పొట్ట మాత్రం గట్లనే ఉంది. జిమ్ముకు పొమ్మంటే టైం లేదంటవ్. ఇగ జిమ్మే ఇంటికొచ్చింది" అని నవ్వాడు. ఆ నవ్వులో చెడు లేదు. ఉంటే బాగుండేది, కోపమైనా తెచ్చుకునేది.

మొదటి రోజు ఆమె నిజంగానే దూకింది. బడిలో ఖోఖో ఆడిన కాళ్లు, చప్పుడు కాకుండా డబ్బా మీద వాలాయి. అదే క్షణంలో లోపల ఏదో పట్టు తప్పి, తొడల మీదుగా వెచ్చగా జారింది. చున్నీ ముందుకు లాక్కుని కూలబడింది. "మోకాలు పట్టింది" అంది. ఆ మాట నోటికి అంత సిద్ధంగా ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

సాయంత్రానికల్లా ప్రవీణ్ మోకాలి పట్టీ కొనుక్కొచ్చాడు. రోజూ అది తొడుక్కునే కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కుతుంది. అక్కడ ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా కాళ్లు బిగించుకుంటుంది. బడిలో బాత్రూం తలుపుకు గడియ లేదు, అందుకని పొద్దటి నుంచి నీళ్లు తాగదు. తోటి టీచర్లు జోకులేసుకుంటే పెదవులతో మాత్రమే నవ్వుతుంది. దగ్గు వస్తే ముందు కూర్చోవడానికి చోటు వెతుక్కుంటుంది. ఇదంతా తన లోపమనే అనుకుంది. పిల్లల్ని కన్న ఆడవాళ్లందరూ తనకు తెలియని ఒక పట్టుతో నడుస్తున్నారనీ, తనకొక్కదానికే అది చేతకాలేదనీ. పొట్ట గురించి ప్రవీణ్ చుట్టాల ముందు కూడా మాట్లాడగలడు. దీని గురించి ఆమె తనతో తాను కూడా మాట్లాడుకోలేదు. పొట్ట కనబడుతుంది కనుక అందరిదీ అయింది. ఇది కనబడదు కనుక ఆమెదొక్కదానిదే.

ఆ సాయంత్రం స్రవంతి బడి నుంచి రాగానే అత్త గౌరవ్వ ఆముదం వెచ్చబెట్టి తెచ్చింది. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఆముదం రాసేది స్రవంతి, రాయించుకునేది గౌరవ్వ. మోకాళ్ల నొప్పులని గౌరవ్వ పెళ్లిళ్లకు బస్సెక్కదు. మెట్లు ఒక్కొక్కటీ కుంటుతూ దిగుతుంది. బతుకమ్మ నాడు వాడంతా గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే, ఓ పక్కన కూర్చుని అందరి చెప్పులకూ కాపలా కాస్తుంది.

"ఏ మోకాలే?"

"ఎడమది అత్తమ్మా."

"పట్టీ కుడికాలుకు పెట్టినవ్ గద!"

స్రవంతి కిందికి చూసుకుంది. నవ్వొచ్చింది, నవ్వితే ఏమవుతుందో తెలిసి ఆపుకుంది. ఆ ఆపుకోవడం గౌరవ్వ చూసింది. గిన్నె పక్కన పెట్టి, తల ఎత్తకుండా అడిగింది.

"దగ్గినా పడుతదా?"

స్రవంతి తలూపింది.

"ప్రవీణ్ పుట్టినప్పటి సంది నాకు గంతే బిడ్డా."

"మరి మోకాళ్లు?"

"మోకాండ్లకేమైంది? మంచిగనే ఉన్నయ్."

తన చేతులతో రుద్దిన ఆముదమంతా గుర్తొచ్చింది స్రవంతికి. పని నుంచి వచ్చి, ఒళ్లు పులిసిపోయి, ఏ నొప్పీ లేని మోకాళ్లకు రుద్దిన ఆముదం. కోపం రాలేదు. ఒక ఆడమనిషి పండుగలన్నీ చెప్పుల పక్కన గడిచిపోవడం కనబడింది.

"గిట్లయితదని నాకెందుకు చెప్పలే అత్తమ్మా?"

"నాకెవలు చెప్పిండ్రు?"

లోపలి గదిలో ఆశ్రిత తాడాట ఆడుతోంది. తాడు నేలకు తగిలే చప్పుడు ఆగి ఆగి వినబడుతోంది. ఇద్దరూ ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు.

పొద్దున ప్రవీణ్ మళ్లీ వచ్చాడు. "ఇయ్యాలన్నా ఎగురుతవా?"

స్రవంతి పట్టీ ఊడదీసి డబ్బా మీద పెట్టింది. "నా మోకాలు మంచిగనే ఉంది. ఎగిరితే ఉచ్చ పడుతది. పిల్లలు పుట్టినప్పటి సంది గంతే. ఇయ్యాల బడికి పోతలేను, డాక్టరమ్మ దగ్గరికి పోతున్నం. పిల్లల అన్నం డబ్బాలు నువ్వు కట్టు."

బ్రష్ అతని చేతిలోనే ఉండిపోయింది. "పోతున్నమా? ఎవలెవలు?"

ఉతికిన చీర కట్టుకుని గౌరవ్వ బయటికొచ్చింది.

"పైలం అవ్వా, మోకాలు..." అంటూ అలవాటుగా చెయ్యి చాపాడు ప్రవీణ్.

గౌరవ్వ ఆ చెయ్యి అందుకోలేదు. మెట్లన్నీ చకచకా దిగి, గేటు దగ్గర నిలబడి, కోడలి కోసం వెనక్కి చూసింది.