వెనక నుంచి వచ్చే గాలి

పైకప్పు లేని కారులో మూడోసారి తిరిగొచ్చాక బొంతలు కుట్టే ఆవిడ పొయ్యి దగ్గర కూలబడి, రెండు చెవులూ అరచేతులతో మూసుకుంది. ముక్కు కారుతోంది. మెడ పట్టేసింది. పళ్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నాయి. ఆవిడ భర్త, రిటైరైన బస్సు డ్రైవరు, షెడ్డులో ఈల వేసుకుంటూ కారు తుడుస్తున్నాడు. ఆ ఈల వింటుంటే ఆవిడకు ఒళ్లు మండింది. మండినా వెచ్చబడలేదు.

ఆయన ముప్పై ఏళ్లు దూరప్రాంతాల బస్సు నడిపాడు. పెళ్లయిన కొత్తలో ఆవిడ ఒకసారి ఆ బస్సే ఎక్కింది. డ్రైవరు పక్కన ఎవరూ కూర్చోకూడదని రూలు. వెనక సీట్లో కూర్చుని, దారి పొడుగునా మొగుడి మెడ చూసుకుంటూ వెళ్లింది. దిగాక ఆయన నవ్వి, ఉద్యోగం అయిపోనీ, రెండే సీట్లున్న బండి కొంటాను, పక్క సీటు నీది అన్నాడు. అందరు మొగుళ్లూ అనే మాటే అనుకుంది. కానీ రిటైరయ్యాక ఆయన నిజంగానే తుక్కు కొట్టు నుంచి ఒక పాత స్పోర్ట్స్ కారు అస్థిపంజరాన్ని ఈడ్చుకొచ్చి, రెండేళ్లు దాని కింద పడుకుని బతికించాడు. పైన మడత కప్పు ఉండేదట. అది చీలికలైపోతే పీకేసి, దాని ఇనుప కమ్మీ ఒక్కటి సీట్ల వెనక వదిలేశాడు. ఇన్నాళ్లకు పక్క సీటు దొరికింది. దొరికిన సీట్లో కూర్చోలేకపోవడమే ఆవిడ ఏడుపు.

ఆదివారం కొండ మీద వదినగారింటికి, అంటే ఆయన అక్కగారింటికి వెళ్లాలి. తమ్ముడి కారు చూస్తానని వదినగారు కబురు మీద కబురు పెడుతోంది. కొండ మీద చలి ఇంకా ఎక్కువ. భార్య వాలకం చూసి ఆయన తేలిగ్గా ఒక మాట అనేశాడు.

"నీకు పడకపోతే ఇంట్లో ఉండు. టిక్కుటిక్కుని తీసుకెళ్తాలే. సీటు ఖాళీగా ఎందుకు?"

టిక్కుటిక్కు అంటే ఆయన స్నేహితుడు, వీధి చివర గడియారాలు బాగుచేస్తాడు. మంచివాడే. కానీ ఆ సీట్లోంచి అతను వదినగారి గుమ్మం ముందు దిగడం ఊహించుకుని ఆవిడ పొయ్యిలో కట్టెను గట్టిగా ఎగదోసింది.

ఆవిడకు తెలిసిన విద్య ఒక్కటే, చలేస్తే దూది పెంచడం. మొదటిసారి శాలువా కప్పుకుంది. రెండోసారి దూది కోటు తొడుక్కుంది. మూడోసారి కోటు మీద అడ్డంగా ఒక చిన్న బొంత కట్టుకుని, ముందువైపంతా కోటగోడ చేసుకుంది. ఆయనా అదే చెప్పాడు. గాలి ఎదురుగా వస్తుంది, ఎదురుగా కప్పుకో, నాది ముప్పై ఏళ్ల సర్వీసు అన్నాడు. ఎంత దూది కూరినా చలి మెడ వెనక నుంచి వీపులోకి దిగుతూనే ఉంది.

మిగతా ఉపాయాలన్నీ ఆయన కొట్టిపారేశాడు. తలుపుల అద్దాలు ఎత్తమంటే చేపల తొట్టెలో కూర్చున్నట్టుంటుందన్నాడు. హీటరు గొట్టం తగిలించమంటే ఆకాశాన్ని వెచ్చబెడతావా అన్నాడు. మెల్లగా నడపమంటే ఇదేమన్నా ఎడ్లబండా అన్నాడు.

పొయ్యి దగ్గర మఫ్లరు విప్పుతుంటే ఆవిడకు ఒక సంగతి తట్టింది. దారంతా ఆ మఫ్లరు కొస తన మొహాన్నే కొట్టింది. ఎదురుగాలైతే వెనక్కి ఎగరాలి కదా. జుట్టూ అంతే, వెనక నుంచి వచ్చి కళ్లలో పడింది.

మర్నాడు కత్తిరింపుల బుట్టలోంచి రంగు పీలికలు తీసి కారులో అక్కడక్కడా కట్టింది. బజారు దాకా వెళ్లొద్దామని ఆయన్ను బయల్దేరదీసింది. కారు వేగం అందుకోగానే ముందద్దం అంచున కట్టినవి నెత్తి మీదుగా వెనక్కి ఎగిరాయి. సీట్ల వెనక కట్టినవి మాత్రం ముందుకు తిరిగి ఇద్దరి మెడలనూ నాకసాగాయి. గాలి అద్దం మీద నుంచి దూకి, వెనక గుంటలో పడి, మళ్లీ వీపు మీదకే వస్తోంది.

"చూడండి, వెనక నుంచి వస్తోంది," అని అరిచింది.

"లారీయా? రానీ, దారిస్తా."

ఇంటికొచ్చాక నిదానంగా చెప్పింది. ముందుకు పోయే బండికి వెనక నుంచి గాలెలా వస్తుందని ఆయన నవ్వాడు. రోడ్డు చూడాలా, పీలికలు చూడాలా అన్నాడు. బండి గాలిపటాల కొట్టులా ఉందని అన్నీ ఊడబెరికాడు.

ఆవిడ కుట్టు మిషను ముందు కూర్చుంది. దోమతెర గుడ్డను రెండు మడతలు వేసి, అంచులకు పట్టీ కుట్టి, ఆ ఇనుప కమ్మీకి పట్టేలా హుక్కులు పెట్టింది. ఒకే ముక్క అయితే ముడతలు పడుతోందని ఆయన సీటు వెనకకు ఒకటి, తన సీటు వెనకకు ఒకటి విడిగా కుట్టింది. శనివారం చూపిస్తే ఆయన మొహం మాడ్చుకున్నాడు.

"రెండేళ్లు ఒళ్లు హూనం చేసుకుని బండి చేస్తే, దానికి కోళ్లగూడు కడతావా?"

వాటిని మడిచి గుమ్మం మెట్టు మీద పెట్టి లోపలికి పోయాడు.

ఆదివారం పొద్దున్నే టిక్కుటిక్కు మంకీ టోపీ పెట్టుకుని దిగాడు. అంటే ఆయన ముందే పిలిచేశాడన్నమాట. పెట్రోలు పోయించుకొస్తానంటూ అతన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. అరవాలనిపించింది. అరిచి అరిచి గొంతు పోవడమే తప్ప ఇన్నాళ్లూ ఒరిగిందేమీ లేదు. చివరకు మెట్టు మీది గుడ్డలు తీసుకెళ్లి అతని ఒళ్లో పడేసింది.

"ఇవి సీట్ల వెనక తగిలించుకోండి అన్నయ్యా. మెడకు చలి కొట్టదు."

"అలాగే చెల్లెమ్మా. ఏరా, ఇంత మంచి వస్తువు పెట్టుకుని నాకు చెప్పలేదేం?"

గడియారాలు విప్పే వేళ్లు కదా, హుక్కులు చిటికెలో పడ్డాయి. తలుపు అద్దం కూడా ఎవర్నీ అడక్కుండా ఎత్తేసుకున్నాడు. భార్య ముందు అంత ఎగిరిన మనిషి స్నేహితుడు చేస్తే సరేనని బండి తీశాడు.

తిరిగొచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఏమే, వీడు చెప్తే తెలిసింది. ఆ గుడ్డలుంటే వెనక నుంచి గాలి రావట్లేదు."

ఇన్ని రోజులు ఆవిడ మొత్తుకున్నది మంకీ టోపీలోంచి వచ్చేసరికి చెవికెక్కింది.

"మరి నేనేం చెప్పానండీ?"

"నువ్వు అరిచావు. వాడు చెప్పాడు."

టిక్కుటిక్కు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కొట్టు దగ్గరికి ఎవరో వస్తామన్నారని గొణిగి, దిగి వెళ్లిపోయాడు. ఆవిడ ఖాళీ సీట్లో కూర్చుని తలుపు దభీమని వేసింది. హీటరు గొట్టం తగిలించేదాకా దిగనంది. ఆయన విసుక్కుంటూనే తగిలించాడు.

కొండదారి నిజంగానే వెచ్చగా గడిచింది. కాళ్ల దగ్గర హీటరు, పక్కన అద్దం, వెనక తెర. చల్లగాలి నెత్తి మీద నుంచే పోతోంది. చిక్కేమిటంటే, హోరు తగ్గాక ఆయన మాటలు వినబడసాగాయి. ఇంజను, గేర్లు, మళ్లీ ఇంజను. తన గురించి ఒక్క మాటైనా వస్తుందేమోనని మలుపు మలుపుకీ చెవి ఒగ్గింది. రాలేదు.

వదినగారి వాకిట్లో తెర మాట వచ్చింది, అదీ తన ఊసు లేకుండా. ఇదేమిట్రా అని వదినగారు తెరను తడిమి చూస్తే, గాలి వెనక నుంచి తిరిగి కొడుతుందక్కా, అందుకని నేనే ఇలా పెట్టించాను అన్నాడు. భార్య నోటిదాకా వచ్చిన మాటను చేతిలోని కాఫీతోనే మింగేసింది.

తిరుగు ప్రయాణానికి ఎండ వాలింది. మొదటి మలుపు దాటాక ఆవిడ చెయ్యి వెనక్కి పెట్టి, ఆయన సీటు తెర హుక్కులు ఒక్కొక్కటే తప్పించి, గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి ఆయన భుజాలు చెవుల దాకా లేచాయి. కాలరు ఎత్తుకున్నాడు. మెడ రుద్దుకున్నాడు.

"ఏంటే, వీపులోకి చలి దిగుతోంది?"

"గాలి ఎదురుగా కదండీ వచ్చేది. ముందు కప్పుకోండి."

ఆయన ఆవిడ ఒళ్లోకి చూశాడు. "తగిలించు," అన్నాడు.

"పెట్టించింది మీరు కదా. మీరే తగిలించుకోండి."

ఆయన పళ్లు బిగబట్టి ఇంకొన్ని మలుపులు నడిపాడు. ముక్కు కారింది. చివరకు బండి పక్కకు తీసి ఆపాడు.

"నువ్వే చెప్పావు. నువ్వే కుట్టావు," అన్నాడు స్టీరింగు వంక చూస్తూ. "ఇంటికెళ్లాక అక్కకి ఫోను చేసి చెప్తాలే."

"ఇక్కణ్నుంచే చెయ్యండి."

ఆయన ముక్కు తుడుచుకుని ఫోను తీశాడు. అవతల మోగుతుండగా ఆవిడ మొదటి హుక్కు తగిలించింది. మిగతావి మాట పూర్తిగా విన్నాక తగిలించింది.