మొదటి గాడిలో మూత

ముప్పాళ్ళ దాటగానే బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. వేడి చూపే మీటర్ ముల్లు ఎర్ర గీత దాటింది. వీరాంజనేయులు కారు పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు.

వెనక సీట్లో అతని వదిన చెన్నమ్మ గడియారం చూసుకుంది. ఇంకో గంటలో బెల్లంకొండలో మండలాధ్యక్ష ఎన్నిక. అభ్యర్థి ఆమే. ఆమె చెయ్యి కూడా లేస్తేనే ఒక్క ఓటు మెజారిటీ. లేకపోతే ఆమె పక్షం, ధనుంజయరావు పక్షం సమానం, చీటీ తీస్తారు. క్యాంపులోని మిగతా సభ్యులు నరసరావుపేట నుంచి ముందే వెళ్ళిపోయారు. అందరితో పాటైతే దారిలో ఆపేస్తారని వీరాంజనేయులు ఆమెను తన కారులో ఎక్కించుకున్నాడు.

"బండి మీద ఎవడో చెయ్యేశాడు వదినా. ధనుంజయరావు మనుషులే."

"రాత్రంతా నువ్వు బండ్లోనే పడుకున్నావు గందా. ఎప్పుడేశారంటా?"

అతను బానెట్ ఎత్తి, తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత పట్టుకోబోయాడు.

"చెయ్యి తియ్యి. మొహం ఉడికిద్ది. ఇప్పుడు నిన్ను ఆస్పత్రికి మొయ్యలేను."

ట్రాక్టర్ తోలిన మనిషి ఆమె. వంగి చూసింది. మూత చివరిదాకా తిరగలేదు, మొదటి గాడిలోనే ఆగి ఉంది.

"పొద్దున ఇది తీసిందెవరు?"

"నేనే. లోపల పంచదార పోశారేమోనని."

"చూసి?"

"పెట్టా."

"పెట్టలా. ఆనిచ్చావ్."

మొదటి గాడి ఉన్నది మూత తీసేటప్పుడు ఆవిరి పోవడానికి. రెండోదాకా నొక్కి తిప్పితేనే స్ప్రింగు రబ్బరును అదిమి ఒత్తిడి నిలబెడుతుంది. ఆ ఒత్తిడి కిందనే నీళ్ళు ఎంత వేడెక్కినా తొందరగా మరగవు. మరీ మించితే స్ప్రింగే లేచి కొంచెం వదులుతుంది. మొదటి గాడిలో ఉంటే అది మూత లేని గిన్నె. నీళ్ళన్నీ మరిగి పోయాయి.

"చల్లారనీ వదినా, నీళ్ళు పోసి పోదాం."

"అరగంట పట్టిద్ది."

బెల్లంకొండ దారిలోనే, సత్తెనపల్లి వైపు పోతున్న ఆటో ఒకటి నెమ్మదించింది. చెన్నమ్మ చెయ్యెత్తింది.

"ఎక్కమాక వదినా. ఎవడి మనిషో ఏందో."

"నా కొంప ముంచింది మన మనిషేలే," అంటూ ఆమె ఎక్కి కూర్చుంది. "చల్లారేదాకా మూత ముట్టుకోమాక."

బెల్లంకొండలో ధనుంజయరావు పక్షం చేతులు లెక్కయిపోయాయి. చీటీలకని తెచ్చిన గాజు సీసా బల్ల మీద సిద్ధంగా ఉంది. దుమ్ము కొట్టుకున్న చీరతో చెన్నమ్మ లోపలికొచ్చి, కూర్చోకుండానే, అప్పటికే లేచిన తనవాళ్ళ చేతులతో పాటు చెయ్యెత్తింది. అధికారి లెక్కపెట్టి, సీసాను బల్ల కింద పెట్టాడు.